సంతతి

సూరత్‌లోని ఉధ్నా మరమగ్గాల కార్ఖానాల్లో రోజంతా వినిపించే జంట మాటలు తానా, బానా. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్ వైపుల నుంచి వచ్చి ఉధ్నాలో, లింబాయత్‌లో స్థిరపడిన మన పద్మశాలీలు ఇంట్లో పడుగు, పేక అంటారు. గడప దాటి సాంచాల మధ్యకు వెళ్తే పడుగు తానా అవుతుంది, పేక బానా అవుతుంది. సాంచె అన్న మాట మాత్రం మార్చుకోనక్కర్లేదు. సిరిసిల్లలో మరమగ్గం సాంచె, గుజరాతీలో యంత్రం సంచో.

తానా హిందీ మాటే గానీ దాని వెనక ఉన్నది 'తన్' అనే సంస్కృత ధాతువు. చాచు, సాగదీయు, పరచు అని దాని అర్థం. రెండు కొసల మధ్య చాచి బిగించిన పోగులే పడుగు కాబట్టి ఆ పేరు సరిగ్గా కుదిరింది. ఈ ధాతువుకు బలగం ఎక్కువ. తంతువు అంటే పోగు. తంత్రి అంటే వీణ తీగ. తంత్రం అనగానే మనకు ఉపాయమో, మంత్రతంత్రాలో తోస్తాయి గానీ దాని పాత అర్థాల్లో మగ్గం ఒకటి. నేతగాడికి తంతువాయుడని పేరు. పందిరికి కట్టే గుడ్డ వితానం. రాగం, తానం, పల్లవి అన్నప్పటి తానమూ ఈ ఇంటిదే, అక్కడ సాగేది స్వరం. ఇలా నూలులోనూ సంగీతంలోనూ తిరుగుతూనే ఈ ధాతువు ఇంకో దారి కూడా పట్టింది. తనయుడు, సంతానం, సంతతి ఆ దారిలో పుట్టిన మాటలు. 'సమ్' చేరేసరికి సాగడం కాస్తా ఎడతెగకుండా సాగడం అయింది. సంతతికి మొదటి అర్థం అదే, ఎడతెగని సాగుదల. బిడ్డలు, వంశం అన్నది ఆ తర్వాత వచ్చిన అర్థం. 'సంతతం' అన్నప్పుడు ఇప్పటికీ ఆ మొదటి అర్థమే పలుకుతుంది.

మార్కండేయుడి కొడుకు భావనారుషి తామర తూడు పోగులతో దేవతలకు బట్ట నేశాడని, తాము ఆయన సంతతి అని పద్మశాలీలు చెప్పుకుంటారు. పోగూ వంశమూ ఒకే ధాతువులో పుట్టాయని వ్యాకరణం చెప్పే మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పుకోవాలి. బట్టల కొట్లో 'తాను' అంటే చుట్టిపెట్టిన నిడుపాటి గుడ్డ. పడుగు తానా, గుడ్డ తాను కనుక రెండూ అన్నదమ్ములే అనిపిస్తుంది. కావు. తాను అనేది హిందీ థాన్ నుంచి వచ్చిన మాట, థాన్‌కు మూలం సంస్కృత స్థానం. ఒకే కొట్లో, ఒకే అల్మరాలో, ఒకే రకం చప్పుడుతో బతుకుతున్నా పుట్టుక వేరు. పదాల పుట్టుక వెతికేవాడు మొదట నేర్చుకునేది ఇదే. పోలిక చూసి చుట్టరికం కలపకూడదు. సంతతి అని చెప్పాలంటే రుజువు కావాలి.

ఈ నియమం నిఘంటువులకే పరిమితమైతే ఇంత చెప్పుకోవలసిన పని లేదు. జీవశాస్త్ర ప్రయోగశాలలో దీన్ని మరిచినందుకు ఏళ్ల తరబడి శ్రమ వృథా అయింది. అందులో పదేపదే వినిపించే పేర్లలో మూత్రాశయ క్యాన్సర్ కణాలవీ ఉన్నాయి.

రోగి శరీరంలోంచి తీసిన కణితి ముక్కను గాజు పాత్రలోనో ప్లాస్టిక్ బుడ్డిలోనో పెంచి, ఆ కణాలు ఆగకుండా విభజన చెందుతూ పోతే వాటిని ఇంగ్లీషులో సెల్ లైన్ అంటారు. లైన్ అనగానే మనకు గీత గుర్తొస్తుంది. అందుకే కణ రేఖ అనీ, కణ శ్రేణి అనీ రాసేవారున్నారు. కానీ లైన్ మొదట గీత కాదు, పోగు. లాటిన్‌లో లీనుమ్ అంటే అవిసె నార. ఆ నారతో పేనిన దారం లీనెయా. ఆ దారాన్ని బిగించి గీసినదే తర్వాత గీత అయింది, ఆ దారంలా తరం వెంట తరంగా సాగినది వంశం అయింది. అంటే ఐరోపా వాడు నార పోగు నుంచి వంశానికి నడిచిన దారినే మన వాళ్లు తంతువు నుంచి సంతతికి నడిచారు. ఈ రెండు మాటలకూ ధాతువులు వేరు, చుట్టరికం లేదు, ఊహ మాత్రం ఒకటే. అందుచేత సెల్ లైన్‌కు తెలుగులో కణ సంతతి అన్నదే సరైన మాట అని నా వాదన. రేఖ అంటే బొమ్మ కనిపిస్తుంది. సంతతి అంటే పుట్టుక గురించిన ప్రశ్న కూడా దానితోపాటే వస్తుంది.

కల్చర్ సంగతీ ఇలాంటిదే. లాటిన్‌లో అది నేల దున్నడం. మన పాఠ్యపుస్తకాలు దీన్ని వర్ధనం, సంవర్ధనం అన్నాయి. తప్పు లేదు గానీ మన దగ్గర సాగు అనే సొంత మాట ఉంది. పొలం సాగు చేస్తాం, పని సాగుతుంది, తీగ సాగుతుంది, కథ కొనసాగుతుంది. దున్నడం, చాచడం, ఆగకపోవడం మూడూ ఆ ఒక్క మాటలో ఒదిగాయి. కణాల సాగు అంటే ఎవరికైనా అర్థమవుతుంది. బుడ్డిలో కణాలకు వేళకు ఆహారం మార్చి, వెచ్చగా ఉంచి కాపాడే పనిని ప్రయోగశాలలో 'మెయింటెయిన్ చేయడం' అంటారు. ఉధ్నాలో తెలంగాణ పెద్దమ్మను అడిగితే 'సాదుడు' అంటుంది. కన్నబిడ్డనైనా తెచ్చుకున్న బిడ్డనైనా సాదుకోవడమే.

ఆ సాదే పనిని దగ్గరగా చూస్తే సంతతి అన్న మాట బరువు తెలుస్తుంది. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ బుడ్డి. అడుగున పలుచగా ఎర్రని ద్రవం. అందులో లవణాలు, చక్కెర, అమైనో ఆమ్లాలు, విటమిన్లు, సాధారణంగా పదో వంతు పిండ దూడ రక్తపు సీరం. బుడ్డి ఉండే పెట్టె వేడి 37 డిగ్రీలు, లోపలి గాలిలో 5 శాతం కార్బన్ డయాక్సైడ్. ద్రవంలో ఫినాల్ రెడ్ అనే రంగు కలుపుతారు. కణాలు తిని పెరిగి ఆమ్లం వదిలేకొద్దీ ఎరుపు నారింజ రంగుకు, తర్వాత పసుపుకు తిరుగుతుంది. పసుపు కనబడితే ఆహారం మార్చే వేళ అయినట్టే. మైక్రోస్కోపు కింద మూత్రాశయ క్యాన్సర్ నుంచి వచ్చిన టీ24 అనే కణాలు విడివిడిగా పాకి, కోణాలు తిరిగి, ఒక్కోటి కండెలా సాగి కనిపిస్తాయి. మరో రోగి మూత్రాశయ క్యాన్సర్ నుంచి వచ్చిన ఆర్‌టీ4 కణాలు అలా తిరగవు, ఒకదానికొకటి ఒత్తుకుని దిబ్బలు దిబ్బలుగా నిదానంగా పెరుగుతాయి. అడుగంతా నిండాక ట్రిప్సిన్ పోస్తారు. కణాన్ని అడుగుకీ పక్క కణానికీ పట్టి ఉంచే పట్టు సడలి, కొద్ది నిమిషాల్లో కణాలు గుండ్రబడి తేలతాయి. వాటిలో కొన్నింటిని కొత్త బుడ్డిలోకి మారుస్తారు. దాన్ని ప్యాసేజ్ అంటారు, మన లెక్కలో ఒక తరం. బుడ్డి మీద కణాల పేరు, తరం అంకె, తేదీ, మార్చినవారి పొడి అక్షరాలు రాస్తారు. ఆ కణాలకు పుట్టుక పత్రం అంటూ ఉంటే ఆ చేతిరాతే. కొన్నింటిని మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో దాచిపెడతారు. ఏళ్ల తర్వాత తీసినా మళ్లీ పెరుగుతాయి.

పెంచడం సగం పని. పెరిగినవి ఏమిటో తేల్చడం మిగతా సగం. 1970లో లండన్‌లో రిగ్బీ, ఫ్రాంక్స్ ఆర్‌టీ4ను లోకానికి పరిచయం చేస్తూ అది ఎంత వేగంగా పెరుగుతోంది, క్రోమోజోములు ఎలా ఉన్నాయి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద లోపలి నిర్మాణం ఏమిటి అని మూడూ చూపించారు. ఆ రోజుల్లో సంతతికి అడిగే రుజువులు అవే. ఇవాళ ఇంకా అడుగుతారు. మూత్రాశయపు లోపొర కణానికి ఉండవలసిన కెరటిన్లు ఉన్నాయా? ఏ జన్యువులు దెబ్బతిన్నాయి? మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి చొరబడిందా? అన్నిటికంటే ముఖ్యం, ఇది ఎవరి కణం?

టీ24 పుట్టుక స్పష్టం. 1970లో స్వీడన్‌లో 81 ఏళ్ల వృద్ధురాలి మూత్రాశయ కణితి నుంచి దాన్ని పెంచారు. చెక్ శాస్త్రవేత్త యాన్ బుబెనీక్, ఆయన సహచరులు 1973లో ఆ వివరాలు ప్రచురించారు. ఒక రోజు తిరగకుండానే సంఖ్య రెట్టింపయ్యే కణాలు కావడంతో ప్రయోగశాల నుంచి ప్రయోగశాలకు పాకాయి.

ఆ పాకుడులో ఒక తెలుగు మజిలీ ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసి అమెరికా వెళ్లిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి అక్కడి జాతీయ క్యాన్సర్ సంస్థలో మరియానో బార్బాసిడ్ తదితరులతో కలిసి టీ24 కణాల క్యాన్సర్ జన్యువును చదివారు. దాదాపు 6,600 అక్షరాల డీఎన్‌ఏ ముక్క అది. మామూలు మనిషి జన్యువుతో పోల్చి చూస్తే రోగానికి కారణమైన తేడా ఒక్క అక్షరం. జీజీసీ అని ఉండవలసిన చోట జీటీసీ అని ఉంది. దానివల్ల ప్రొటీన్‌లో 12వ స్థానంలో గ్లైసీన్‌కు బదులు వాలీన్ చేరింది. కణానికి పెరగమని సంకేతం ఇచ్చి, తర్వాత తానే ఆగిపోవలసిన రాస్ ప్రొటీన్ ఇక ఆగడం మానేసింది. 1982 నవంబరులో 'నేచర్' పత్రికలో ఆ వ్యాసం అచ్చయింది. మనిషి జన్యువు క్యాన్సర్ జన్యువు కావడానికి ఒక్క అక్షరం మారితే చాలని మొదటిసారి తేలింది మూత్రాశయ కణాల్లోనే. తర్వాత ప్రేమ్‌కుమార్ రెడ్డి 'ఆంకోజీన్' పత్రికను స్థాపించినవారిలో ఒకరయ్యారు. ఒక్క అక్షరం మారితే అర్థం తలకిందులవుతుందన్నది పదచర్చ రాసేవాళ్లకు రోజూ ఎదురయ్యే సంగతే. ఇక్కడ ఆ అక్షరం మీద ప్రాణం ఆధారపడింది.

'నేచర్' అదే సంచికలో మరో శాస్త్రవేత్త రాబర్ట్ వైన్‌బర్గ్ బృందం కూడా అదే అక్షరాన్ని పట్టుకుంది. వాళ్లు వాడినవి ఈజే అనే కణాలు. ఇద్దరు వేర్వేరు రోగుల కణాల్లో ఒకే తప్పు కనబడితే అది గట్టి సాక్ష్యం. అయితే 1983 మొదట్లో అదే పత్రికలో ఓటూల్, పోవీ, హెప్‌బర్న్, ఫ్రాంక్స్ మూత్రాశయ కణ సంతతుల గుర్తింపు మీద చిన్న వ్యాసం రాశారు. వేర్వేరు పేర్లతో తిరుగుతున్న కొన్ని కణాలు నిజానికి ఒకటేనని దాని సారం. ఈజే అన్నది టీ24కు మారుపేరేనని ఇప్పుడు అందరూ ఒప్పుకున్నారు. ఇద్దరు సాక్షులనుకున్నది ఒక్క స్వీడన్ వృద్ధురాలే. మారిన అక్షరం నిజమే కాబట్టి కనుగొన్న సత్యానికి లోటు రాలేదు. సాక్షుల లెక్క మాత్రం తప్పింది.

అన్ని సందర్భాల్లో అంత తేలిగ్గా గట్టెక్కలేదు. 1990లో జపాన్‌లో ఈసీవీ304 అనే కణాలు వచ్చాయి. పుట్టిన బిడ్డ బొడ్డుతాడు రక్తనాళపు లోపొర నుంచి వచ్చి వాటంతట అవే అమరత్వం పొందాయన్నారు. రక్తనాళాల మీద పరిశోధించేవాళ్లు ఎగబడి వాడారు. 1999లో జర్మనీ శాస్త్రవేత్తలు జన్యు ముద్రలు పోల్చి చూస్తే అవీ టీ24. బిడ్డ రక్తనాళం అనుకుని వృద్ధురాలి మూత్రాశయాన్ని చదివారన్నమాట. మరో వైపు జపాన్‌లోని కెయో విశ్వవిద్యాలయంలో పుట్టి, మూత్రాశయ క్యాన్సర్ మందుల పరీక్షల్లో ఏళ్ల తరబడి వాడిన కేయూ7 కణాలు మూత్రాశయానివే కావని 2013లో తేలింది. అవి హీలా, అంటే 1951లో బాల్టిమోర్‌లో హెన్రియెట్టా లాక్స్ గర్భాశయ ముఖ క్యాన్సర్ నుంచి వచ్చిన కణాలు.

ఇలా ఎందుకవుతుందో ఉధ్నా కార్ఖానాలో పనిచేసేవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఒక బీముకు చుట్టిన పడుగు అయిపోగానే దాని కొసలకు కొత్త బీము పోగులను ఒక్కొక్కటే అతుకుతారు. ఆ వేల పోగుల్లో వేరే రకం నూలు నాలుగు పోగులు కలిసినా మగ్గం మీద తెల్లగుడ్డలో ఏమీ తెలియదు. పాండేసరా రంగుల మిల్లుకు వెళ్లి రంగు పడ్డాక గుడ్డ పొడవునా చార కనిపిస్తుంది. అప్పటికి నేసిందంతా నేసేసి ఉంటారు. ప్రయోగశాలలోనూ అంతే. ఒకే పిపెట్‌తో రెండు బుడ్లను ముట్టుకుంటే చాలు, వేగంగా పెరిగే కణం నిదానంగా పెరిగేదాన్ని కొద్ది తరాల్లోనే మింగేస్తుంది. పేరు తప్పు రాస్తే ఒక కణం మరోదాని పేరుతో తిరుగుతుంది. మైక్రోస్కోపులో ఈ తేడా అన్నిసార్లూ తెలియదు. ఈ చార బయటపెట్టే రంగు డీఎన్‌ఏ పరీక్ష. డీఎన్‌ఏలో చిన్న చిన్న ముక్కలు ఎన్నిసార్లు తిరిగి తిరిగి వచ్చాయో లెక్కపెట్టి మనిషిని గుర్తించే పద్ధతి అది. నేర పరిశోధనకూ, తండ్రి ఎవరో తేల్చడానికీ వాడేది దీన్నే. మన దేశంలో డీఎన్‌ఏ ముద్రలకు ఆద్యుడు లాల్జీ సింగ్, ఆయన పనిచేసింది హైదరాబాద్ సీసీఎంబీలో. సంతతి అన్న మాట న్యాయస్థానంలో ఏ రుజువు అడుగుతుందో బుడ్డిలోనూ అదే రుజువు అడుగుతుంది. పేరు ఒకటై పుట్టుక వేరైన కణాల జాబితాను ఇప్పుడు ఒక అంతర్జాతీయ సంఘం నడుపుతోంది. అందులో 500కు పైగా పేర్లున్నాయి. మన దేశపు ప్రయోగశాలలకు కణాలు అందించే జాతీయ భాండాగారం పుణేలోని నేషనల్ సెంటర్ ఫర్ సెల్ సైన్స్. ఎవరో స్నేహితుడి బుడ్డిలోంచి తెచ్చుకోకుండా అలాంటి చోటి నుంచి తెచ్చుకోవడం, తెచ్చుకున్నాక కూడా మళ్లీ పరీక్షించడం ఇవాళ్టి మర్యాద.

ఇంకో మాట తేల్చుకోవాలి, కణజాలం. ఇంగ్లీషులో టిష్యూ. ఫ్రెంచిలో టిస్యూ అంటే నేసినది. 1801లో బీషా అనే ఫ్రెంచి వైద్యుడు శరీర భాగాలు ఇన్ని రకాల నేతలతో తయారయ్యాయని చెప్పడానికి ఆ మాటను ఖాయం చేశాడు. కణజాల శాస్త్రానికి పెట్టిన హిస్టాలజీ అన్న పేరులోనూ గ్రీకు హిస్టోస్ ఉంది, దాని అర్థం మగ్గం, మగ్గం మీది గుడ్డ. సూరత్ బజారులో టిష్యూ అంటే ఇప్పటికీ జరీ పేక వేసిన పలుచని మెరుపు గుడ్డ. ఆసుపత్రిలో 'టిష్యూ తీసి పరీక్షకు పంపాం' అంటే చీరల కొట్టు యజమానికి మొదట తోచేది వేరు. మన తెలుగు అనువాదం మాత్రం నేతను వదిలి వలను పట్టుకుంది. జాలం అంటే వల. ఇంగ్లీషు సెల్ అంటే చిన్న గది, మనం దాన్ని కణం అన్నాం, గింజ, నలుసు అని. గదుల నేతను మనం గింజల వల చేశాం. రెండు భాషలూ తమ తమ కళ్లతో చూశాయి, అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

తప్పు ఎక్కడంటే, బుడ్డిలోని కణాలను కూడా కణజాలం అనడంలో. మూత్రాశయపు లోపొర ప్రత్యేకమైన నేత. సంచి ఖాళీగా ఉన్నప్పుడు పొరలు పొరలుగా ముడుచుకుని, నిండేకొద్దీ పలచబడి సాగుతుంది. కణాలు ఒకదాన్నొకటి వదలకుండా సాగడమే దాని పని. క్యాన్సర్ ముదిరేకొద్దీ ఆ పట్టు తరచూ సడలుతుంది. ట్రిప్సిన్ పోసినప్పుడు మిగిలిన పట్టు కూడా పోతుంది. అడుగుకు అంటుకుని పెరిగే టీ24 కణాల్లో సంతతి ఉంది, నేత లేదు. కణాలు మందుకు చచ్చాయంటే మనిషి మూత్రాశయంలోనూ చస్తాయని నమ్మడానికి లేదన్న హెచ్చరిక ఆ తేడాలోనే ఉంది. అందుకే కణజాలం, కణ సంతతి అన్న మాటలను కలగాపులగం చేయకూడదు.

ఈ చర్చకు ఉధ్నాను ఎందుకు ఎంచుకున్నానంటే, ఇక్కడ నేతతోపాటు రంగు పనీ ఉంది, రంగుకూ మూత్రాశయానికీ పాత లెక్క ఉంది. 1895లో ఫ్రాంక్‌ఫర్ట్ శస్త్రవైద్యుడు లుడ్విగ్ రేన్, ఫుక్సిన్ రంగు తయారుచేసే కార్మికుల్లో మూత్రాశయ కణితులు చూసి, దీనికి పనే కారణమని చెప్పాడు. తర్వాతి దశాబ్దాల్లో బీటా నాఫ్తైలమీన్, బెంజిడీన్ వంటి అరోమాటిక్ అమీన్‌లు దోషులని తేలింది. ఊపిరితోనో చర్మం ద్వారానో లోపలికి వెళ్లినవి కాలేయంలో మారి మూత్రంలోకి వస్తాయి. మూత్రం గంటల తరబడి నిలిచే చోటు మూత్రాశయం కాబట్టి దెబ్బ దాని లోపొరకు తగులుతుంది. గుజరాత్‌లోనే దీనికి సాక్ష్యం ఉంది. అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ, అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ శాస్త్రవేత్తలు కలిసి బెంజిడీన్‌తోనూ దాని రంగులతోనూ పనిచేసే కార్మికుల మూత్రంలో రాలిపడిన లోపొర కణాలను ఏరి, వాటి డీఎన్‌ఏకు బెంజిడీన్ అవశేషం అతుక్కుని ఉందని 1996లో ప్రకటించారు. బెంజిడీన్ రంగులను మన ప్రభుత్వం 1993లోనే నిషేధించింది. 1997లో మరికొన్ని అజో రంగులనూ చేర్చి మొత్తం 112 రంగులను కట్టడి చేసింది.

ఒక వివరం మరవకూడదు. బెంజిడీన్ రంగులు ముఖ్యంగా నూలు బట్టకు, తోలుకు, కాగితానికి వాడేవి. సూరత్ మిల్లుల్లో ఎక్కువగా నడిచేది పాలిస్టర్, దానికి వాడేవి వేరే రకం డిస్పర్స్ రంగులు. కాబట్టి రంగు పనివాళ్లందరికీ ఈ జబ్బు రాసిపెట్టి ఉందని బెదిరించడం తప్పు. మూత్రాశయ క్యాన్సర్ కారణాల్లో అన్నిటికంటే పెద్దది పొగ. బీడీ, సిగరెట్ పొగలో కూడా ఆ కోవకు చెందిన అరోమాటిక్ అమీన్‌లే ఉన్నాయి. పని వల్ల వచ్చినా పొగ వల్ల వచ్చినా ఈ జబ్బు బయటపడేసరికి తరచూ ఇరవై ఏళ్లో అంతకు మించో గడుస్తాయి. ఈలోగా మనిషి పని మారతాడు, ఊరు మారతాడు. సూరత్‌లో రంగులు కలిపినాయన ముసలితనంలో సిరిసిల్లకు తిరిగి వెళ్తే హైదరాబాద్ డాక్టరు ముందున్న కాగితంలో ఆ రంగుల గది ఉండదు. బుడ్డి మీద పేరు రాయనట్టే అవుతుంది.

మళ్లీ మాటల సంగతికి వస్తే, ఉధ్నా–మగ్దల్లా రోడ్డు మీద ఉన్న విశ్వవిద్యాలయానికి కవి నర్మద్ పేరు పెట్టారు. సూరత్‌లో పుట్టిన నర్మద్ 1873లో 'నర్మకోశ్' అనే గుజరాతీ నిఘంటువును పూర్తిగా అచ్చువేశాడు. ఆ తర్వాత పన్నెండేళ్లకు, 1885లో, మన బహుజనపల్లి సీతారామాచార్యులు 'శబ్దరత్నాకరం' ఇచ్చారు. మాటను దాని పుట్టుకతో సహా నమోదు చేయాలన్న పట్టుదల ఈ రెండు భాషలకూ ఉంది. సూరత్ నగరపాలక బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. అక్కడ చదివే నేతపనివాళ్ల పిల్లలకు సైన్సు పాఠంలో కణ రేఖ అని చెబితే బట్టీ పడతారు. కణ సంతతి అని చెప్పి, అది మీ నాన్న తానాకు దగ్గరి చుట్టమని చెబితే గుర్తుపెట్టుకుంటారు. పాఠ్యపుస్తకాలు రాసేవాళ్లకు నా మనవి ఇదే. సెల్ లైన్‌కు కణ సంతతి, సెల్ కల్చర్‌కు కణాల సాగు వాడండి. కణజాలాన్ని శరీరంలోని నేతకే ఉంచండి. పుట్టుక పరీక్షించని కణాలను సంతతి అనకండి, ఉత్త కణాలు అనండి.

పాఠకులకు ఇంకో మనవి. నొప్పి లేకుండా మూత్రంలో ఒక్కసారి రక్తం కనబడినా, తర్వాత దానంతట అదే ఆగిపోయినా, డాక్టరుకు చూపించుకోండి. చూపించుకున్నప్పుడు ఇవాళ్టి పనితో పాటు ఇరవై, ముప్పై ఏళ్ల కిందట చేసిన పనులన్నీ ఊళ్లతో సహా చెప్పండి: రంగుల గది, ప్రింటింగ్ బల్ల, రసాయనాల గోదాము, బీడీ. మీ ఇంట్లో పెద్దనాన్నో కాకో అలాంటి పని చేసి ఉంటే, అడిగి ఆ వివరాలు ఒక కాగితం మీద రాసి ఆసుపత్రి ఫైలులో పెట్టించండి.